జనార్దనం శెట్టి ఎడమ పిక్క

ఆళ్లగడ్డలో జనార్దనం శెట్టి బట్టల దుకాణానికి రెండు నియమాలున్నాయి. రెండూ వాళ్ల నాయన పెట్టిపోయినవే. మొదటిది గోడ మీద పచ్చరంగుతో రాయించి ఉంటుంది: ‘మా కొలతలో తేడా చూపిస్తే దుకాణం మూస్తాం.’ రెండోది రాయించలేదు గానీ బజారంతా ఎరుగుదురు. గద్దె మీద కూర్చున్న యజమాని మాటిమాటికీ లేస్తే లక్ష్మి కూడా లేచిపోతుంది. అందుకని జనార్దనం పొద్దున తొమ్మిదికి తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేస్తాడు. మళ్లీ కూర్చుంటే దీపాలు పెట్టేదాకా కదలడు. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగడు.

అతని భార్య గౌరమ్మ నంద్యాలలో బీఎస్సీ చదివింది. ఆ చదువు ముప్పై ఏళ్లుగా పప్పులో ఉప్పు సరిచూడడానికి బాగా అక్కరకొస్తోందని ఆమె అప్పుడప్పుడూ చెబుతుంటుంది.

ఆషాఢం తగ్గింపు అమ్మకాలకు వారం ముందు ఇద్దరూ యాత్రల బస్సులో కాశీకి పోయి వచ్చారు. బస్సు ఆగిన చోటల్లా అందరూ దిగి కాళ్లు సాగదీసుకున్నారు. జనార్దనం దిగలేదు. అతనికి కిటికీ సీటు దొరికింది. దాని మీద వెనక సీటులోని బనగానపల్లె మామిడికాయల వ్యాపారి కన్నేసి ఉన్నాడు.

“కాశీలో ఇష్టమైనది ఏదో ఒకటి వదిలిపెట్టి రావాలంట. ఆ సీటు వదిలిపెట్టండి, పుణ్యమొస్తాది” అంది గౌరమ్మ.

అతను కాకరకాయ వదిలిపెట్టి వచ్చాడు. పెళ్లయినప్పటి నుంచీ దాన్ని ముట్టుకున్న పాపాన పోలేదు.

ఇంటికొచ్చిన ఐదో రోజు ఎడమ పిక్క పట్టేసింది. ప్రయాణం బడలిక అన్నాడు. ఎనిమిదో రోజుకి పిక్క ఉబ్బి, నున్నగా మెరుస్తూ, చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

“నరం పట్టింది, అంతే. బండి ఆత్మకూరు రాజరత్నానికి ఫోన్ చేసినా. మూడింటికి వస్తాడు. నూనె రాసి నాలుగు తోములు తోమితే పోతాది” అని గద్దె ఎక్కాడు.

రాజరత్నం బెణుకులూ పట్లూ తోమడంలో పేరున్నవాడు. అతని బొటనవేళ్లు చూస్తేనే సగం నొప్పులు పారిపోతాయంటారు.

పదకొండు గంటలకు గౌరమ్మ దుకాణానికి మజ్జిగ తెచ్చింది. ఊళ్లోనే నర్సుగా పనిచేసే లూదియా చెల్లెలి కోసం చీర చూస్తోంది. ఇంకా ఆరేడుగురు ఆడవాళ్లు చీరల కుప్పలు తిరగేస్తున్నారు.

“ఏందన్నా, ఎప్పుడూ లేంది ఒక కాలు చాపుకోనుండావ్?” అంది లూదియా.

సంగతి గౌరమ్మ చెప్పింది. లూదియా చేతిలోని చీర కింద పెట్టేసింది.

“వాపు రెండు కాళ్లకా, ఒక్కదానికేనా?”

“ఒక్కదానికే.”

“అయితే రాజరత్నాన్ని చెయ్యి పెట్టనియ్యద్దక్కా. లోపల సిరలో రక్తం గడ్డ కట్టిందేమో. కేసీ కాలువ తూముకాడ చెత్త అడ్డం పడితే నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి గదా? ఈ వాపు అట్లాంటిది. ఆ చెత్తను కట్టెతో కుళ్లబొడిస్తే ఏమైతాది?”

“కొట్టుకపోయి కింది తూముకు అడ్డం పడతాది.”

“ఒంట్లో కింది తూమంటే ఊపిరితిత్తులు. గడ్డ ముక్క ఊడితే గుండెలో నుంచి సీదా ఆడికే పోతాది. పెద్ద ముక్కయితే మనిషే దక్కడు. ఇప్పుడే నంద్యాల పోయి స్కానింగ్ తీపియ్యండి.”

“తూములూ కాలువలూ నాకెందుకమ్మా” అన్నాడు జనార్దనం. “అది నరం. ఇంత సేలు పెట్టుకోని గద్దె దిగి నంద్యాల పోతానా? నువ్వు చీర చూసుకో.”

గౌరమ్మ గడియారం చూసింది. రాజరత్నం రావడానికి నాలుగు గంటలుంది. మొగుడు చెబితే వినే రకం కాదు. ఏడిస్తే అసలే వినడు. గిరాకీ ముందర ఏడుపేందని విసుక్కుంటాడు. ఆమె లూదియాను పక్కకు పిలిచి అడిగింది.

“వాపు దండిగా ఉందో లేదో ఎట్ల తెలుస్తాది?”

“రెండు పిక్కలూ ఒకే చోట కొలిస్తే తెలుస్తాది. మూడు సెంటీమీటర్ల పైన తేడా ఉంటే డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు.”

గౌరమ్మ జాకెట్టు గుడ్డలు కొలిచే టేపు అందుకుంది. లూదియా మోకాటి కింద చోటు చూపించింది. గిరాకీ ముందర కాలు లాక్కోలేక జనార్దనం పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. కుడికాలు ముప్పై ఆరు. ఎడమకాలు నలభై.

“టేపు సాగిందేమోలే” అన్నాడు.

గౌరమ్మ ఈ మాట కోసమే కాచుకుని ఉంది. చాలా మెల్లగా, మూడో దుకాణం దాకా వినబడేటట్టు అడిగింది.

“ఏమండీ, మన టేపు సాగిందా?”

చీరలు తిరగేసే చేతులు ఆగిపోయాయి.

“శెట్టీ, నిన్న నాకు జాకెట్టు గుడ్డ కొలిచింది ఈ టేపుతోనేనా?” అంది భారతమ్మ. ఆమె ఆ వీధిలో ఏ మాట విన్నా పొద్దుగూకేలోగా ఊరంతటికీ అందజేసే మనిషి.

జనార్దనం గోడ మీది పచ్చ అక్షరాల వంక చూశాడు. నాయన పటం వంక చూశాడు.

“టేపు సరిగానే ఉందమ్మా” అన్నాడు చివరికి.

“అయితే తప్పు యాడుంది?” అంది గౌరమ్మ.

“...కాల్లో.”

“అందరూ విన్నారు గదా. ఇంగ లెయ్యండి.”

గుమాస్తాకు దుకాణం అప్పగించి కారెక్కారు. మొండివాణ్ణి లేపినందుకు గౌరమ్మ లోలోపల నవ్వుకుంటూనే ఉంది, దారిలో శిరివెళ్ల దాకా. అక్కడ జనార్దనం కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“ఏందీ?”

“ఏం లే. గట్టిగా గాలి పీలిస్తే పొడిచినట్టయితాది. మెట్లెక్కితే ఆయాసం. రెండు దినాలాయ.”

“మరి చెప్పలే?”

“నీ ఉగ్గాని బజ్జీకి గ్యాస్ పట్టిందేమో అనుకున్నా. చెబితే నొచ్చుకుంటావని.”

గౌరమ్మ ముందుకు వంగింది. డ్రైవర్‌తో “బేగా పోనియ్ నాయనా” అంది. ఆ పైన నంద్యాల వచ్చేదాకా మొగుడి చెయ్యి పట్టుకుని, అతని ఊపిరి వైపే చూస్తూ కూర్చుంది.

నంద్యాలలో కాలికి ఒక స్కానింగ్, ఛాతీకి ఇంకో స్కానింగ్ తీశారు. డాక్టర్ సంధ్య రెండూ చూసి, ముందు ఇంజెక్షన్ వేయించి, తర్వాత మాట్లాడింది.

“మోకాటి వెనక సిరలో పెద్ద గడ్డ ఉంది. దాన్నుంచి చిన్న ముక్క ఊడి కుడి ఊపిరితిత్తికి చేరింది. పెద్దది కదలక ముందే వచ్చినారు, మంచి పని చేసినారు.”

అప్పుడే ఫోన్ మోగింది. గౌరమ్మ ఎత్తింది.

“శెట్టిగారి గద్దె ఖాళీగా ఉందేందమ్మా? నూనె కూడా కాగబెట్టుకోనొస్తి” అన్నాడు రాజరత్నం.

“ఆ నూనెతో బజ్జీలేసుకో రాజరత్నం. మళ్లీ మాట్లాడతా” అంది గౌరమ్మ.

“ఈ మందు గడ్డను కరిగిస్తాదా మేడం?” అన్నాడు జనార్దనం.

“గడ్డ ఇంకా పెరక్కుండా, కొత్తవి పుట్టకుండా ఆపుతాది. ఉన్నదాన్ని మీ ఒళ్లే మెల్లగా కరిగించుకుంటాది. తక్కువలో తక్కువ మూడు నెలలు ఒక్క పూట కూడా మందు మానొద్దు. నన్ను అడక్కుండా నొప్పి మాత్రలు మింగొద్దు. యాడన్నా రక్తం కారితే వెంటనే రావాల. నీళ్లు తాగాల. ఇంటికి పోయినాక గంటకోసారి లేచి నడవాల.”

“గంటకోసారి లేస్తే లక్ష్మి ఊరుకోదు మేడం.”

డాక్టర్ గౌరమ్మ వైపు చూసింది. “ఎవరా లక్ష్మి?”

“దుకాణంలో ఉంటాది మేడం. ముప్పై ఏళ్లుగా ఆమెకు దడిచే ఈయన లెయ్యడు.”

శ్రావణం వచ్చింది. జనార్దనం ఇప్పుడు గంటకోసారి లేచి, చెప్పులేసుకుని బజారు చివరిదాకా నడిచి వస్తున్నాడు. అంతసేపూ గద్దె మీద గౌరమ్మ కూర్చుంటోంది. అతను తిరిగొచ్చాక ఆమె ఒక పట్టాన దిగదు. లక్ష్మి ఎక్కడికీ పోయిన జాడ లేదు. ఆదివారం ఆదివారం పిక్క కొలుస్తారు. నలభై, ముప్పై ఎనిమిదిన్నర, ముప్పై ఏడు.

“ఆషాఢం పోయినా మీ తగ్గింపు ఆగలే” అంటుంది గౌరమ్మ.

ఒక మధ్యాహ్నం రాజరత్నం వచ్చి గడపలో నిలబడ్డాడు. చేతిలో నూనె సీసా లేదు.

“శెట్టిగారూ, నాకొక టేపు కావాల.”

“నీకెందుకప్పా?”

“ఎవరి కాలు పట్టాలన్నా ముందు రెండూ కొలుస్తాండా. మొన్న ఒకాయన్ని తోమకుండా నంద్యాల పంపిస్తి. నా టేపు మీద నమ్మకం లేదన్నాడు. మీ దుకాణం టేపయితే ఎవురూ ఎదురు చెప్పరు.”

జనార్దనం బీరువాలో నుంచి కొత్త టేపు తీశాడు. “ఊరికే తీసుకపో” అన్నాడు. దుకాణం పెట్టినప్పటి నుంచీ ఆ గడపలో ఆ మాట ఎవరూ విని ఉండరు.

“సాగిందేమో చూసి ఇయ్యండి” అంది గౌరమ్మ గద్దె మీద నుంచి.