ఎడమ భుజం అర అంగుళం

అర అంగుళం, సరిగ్గా అర అంగుళం, కిటుకంతా అక్కడే ఉంది, ఆమె ఎడమ భుజం కుడి భుజం కన్నా అర అంగుళం కిందికి ఉంటుందని ఈ భూమ్మీద తెలిసినవాడు తనొక్కడే, పదకొండేళ్లు ఆమె బట్టలన్నీ తనే కత్తిరించాడు, మరి కోర్టు వరండాలో ఎదురు బెంచీ మీద కూర్చున్న ఆమె ఒంటి మీద ఆ నీలం చొక్కా ఒక్క ముడత లేకుండా ఎలా కూర్చుంది, ఎడమవైపు గుడ్డ తగ్గించిందెవడు, టేపు పట్టుకుని ఆమె వెనక నిలబడిందెవడు, కాస్త నిటారుగా ఉండండి అన్నాడేమో, ఆమె నవ్విందేమో, మెడ దగ్గర టేపు చల్లగా తగిలితే ఆమెకు నవ్వాగదు, విడాకులు కావాలని ఆమె మీద కేసు వేసింది తనే, నిజమే, అంతమాత్రాన ఆ నవ్వు ఇంకొకడి దుకాణంలో నవ్వాలా.

పక్కనున్న అక్క మోచేత్తో పొడిచింది, చూశావురా తమ్ముడూ, కేసు తేలేదాకా తిండికీ అద్దెకీ మొగుడి చేత నెలనెలా ఇప్పించమని అర్జీ పెట్టినమ్మ కొత్త చొక్కా వేసుకొచ్చింది, ఎవరు పెట్టారంటావ్, నువ్వు ఊరుకో అక్కా అన్నాడు గాని ఆ మాట చెవిలో చీమలా దూరింది, మార్కెట్టు మలుపులో కొత్తగా దుకాణం తెరిచిన పిల్లిమీసాలవాడు, వాడే, ఇంకెవడు, వాడి కుట్టు ఒక్క ఉతుక్కి ఊడిపోతుంది, వాడి మొహానికి భుజాలు కొలవడం కూడానా, ఇంతలో లోపల్నించి పిలిచారు, లేచి నడుస్తూ లాయరు చెవిలో ఊదాడు, సార్, ఆ చొక్కా ఎవరు కుట్టారో అడగండి, చొక్కాతో మనకేం పనయ్యా, ఆవిడకు కుట్టుపని మీద సంపాదన ఉందని చూపిస్తే ఇచ్చేది తగ్గుతుంది, దాని సంగతి చూడనీ, అడగండి సార్, మీ ఫీజు నేనిస్తున్నానా మా అక్క ఇస్తోందా.

లాయరు అడిగాడు, లాయరును కాదు, తనను చూస్తూ ఆమె చెప్పింది, నేనే కుట్టుకున్నానండి, చేత్తో, మిషను ఆయన దగ్గరే ఉండిపోయింది, అప్పుడు చూశాడు, అది చేతికుట్టు, బియ్యపు గింజలో సగం ఎడంతో, వంకర లేకుండా, పని నేర్చుకునేవాడైనా ముందు కుట్టు చూస్తాడు, తను మాత్రం మగాడి చెయ్యి వెతుక్కుంటూ చూడలేదు, ఒక్కసారి కత్తెర ఇవ్వండి అని ఆమె ఎన్నిసార్లడిగింది, గుడ్డ పాడవుతుంది, నువ్వు బొత్తాలు కుట్టు చాలు అన్నాడు, పదకొండేళ్లు స్టూలు మీద బొత్తాలు కుడుతూ ఆమె తన చేతులనే చూస్తూ కూర్చుందన్నమాట, లాయరు మొహం వెలిగిపోయింది, చూశారా సార్, పని తెలిసిన మనిషి.

జడ్జీగారు తనవైపు తిరిగారు, డబ్బులకు కుట్టి సంపాదిస్తోందని మీ జవాబులో రాశారు, మీకు తెలిసి ఎవరికైనా కుట్టిందా, అవునండీ అంటే గెలిచినట్టే, లాయరు కళ్లతోనే అనమంటున్నాడు, కానీ అలా అంటే ఆమె కూడా తనలాంటి దర్జీయేనని నలుగురిలో తన నోటితో ఒప్పుకోవాలి, లేదండీ, ఆమెకేం రాదు, నా దగ్గర బొత్తాలు కుట్టేది, అంతే, అనేశాడు, లాయరు కళ్లు మూసుకున్నాడు, నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా అని వెనక నుంచి అక్క గొణిగింది, నెలకెంత ఇవ్వాలో జడ్జీగారు రాస్తున్నారు, ఆ అంకె చెవికెక్కలేదు, పిల్లిమీసాలవాడు లేడు, ఎవడూ లేడు, ఉంటే ఎంత బాగుండేది, వాడి పనికి నూరు వంకలు పెట్టేవాడు, వాడికన్నా మొగుడే నయమని ఆమెకు ఏదో ఒకరోజు తెలిసొచ్చేది, ఈ చొక్కాలో వంక పెట్టడానికి ఏమీ లేదు, ఇన్నాళ్లూ తను ఏడ్చింది ఇంకో మగాడి మీద కాదు, ఆమె చేతుల మీద.