బీరువా పట్టుకున్న షోకు

సోమందేపల్లెలో హైవే పక్కన ఉగ్గాని, బజ్జీ అమ్మే ఇమాంసాబ్ భార్య రోషన్ బీకి నోరు కొంచెం పెద్దది. మనసు అంతకన్నా పెద్దదే గానీ, నోరు ముందు పోయి మనసు వెనక వచ్చే రకం. కోడలు నాజ్‌నీన్ కాపురానికి వచ్చిన ఏడాదిగా ఆ నోటికి దొరికిన మేత ఒకటే, కోడలి హిజాబ్.

నాజ్‌నీన్ ముదిగుబ్బ పిల్ల. బయటికి పోవాలంటే అద్దం ముందు నిలబడి, జుట్టు మీద పల్చటి టోపీ తొడిగి, దాని మీద రంగు హిజాబ్ చుట్టి, ఒక కొస వెనక్కీ ఒక కొస పక్కకీ తిప్పి, చెవి దగ్గర మడతలు దిద్దుకునేది. ఒక్క వెంట్రుక కనబడదు, మెడ కనబడదు. మనిషి మాత్రం కళకళలాడేది. రోషన్ బీకి గిట్టనిది అదే. దాచుకోవడానికి కట్టేదానికి అంత సింగారమేందని ఇంట్లో అనేది, అంగట్లో అనేది, గుంతకల్లులో తమ్ముడింటికి పోయినప్పుడు మరదలు ఖాసింబీ ముందర, వచ్చీపోయేవాళ్ళ ముందర అనేది. ఇది పర్దా కాదు, షోకు అని తేల్చేసింది కూడా. నాజ్‌నీన్ తల వంచుకుని ఊరుకునేది.

అలాంటి రోషన్ బీ నోరు మూయించింది మనుషులు కాదు, పెళ్ళి ఫోటోలు. తమ్ముడి పెద్దకూతురి పెళ్ళి ఫోటోలు ఫోన్లో వచ్చాయి. రోషన్ బీ చీరకొంగు తల మీద కప్పుకునే మనిషి. పట్టుచీర కొంగు తల మీద నిలిస్తే కదా! ఏ ఫోటో చూసినా ఒక చెయ్యి నెత్తిన పెట్టుకుని కొంగు పట్టుకునే ఉంది. పెళ్ళికూతురి పక్కన అలాగే, బిర్యానీ పళ్ళెం ముందు అలాగే. పక్కనే నాజ్‌నీన్ ఎవరి బిడ్డనో రెండు చేతులా ఎత్తుకుని తీరిగ్గా నవ్వుతోంది. ఇమాంసాబ్ ఫోన్ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, ఆ పొద్దు నీకు తలనొప్పిగా ఉండెనా అని అడిగాడు. పాపం, ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

ఆ మాట రోషన్ బీకి ముల్లు మాదిరి గుచ్చుకుంది. తమ్ముడి రెండో కూతురి పెళ్ళి వచ్చే ఆదివారమే. ఈసారైనా ఫోటోలో నిమ్మళంగా, నిండుగా, అందంగా కనబడాలని ప్రాణం కొట్టుకుంది. కోడలిని అడిగితే చిటికెలో పని. కానీ ఏడాది పొడుగునా ఊరూరా ఆడిపోసుకున్న నోటితో ఎట్లా అడిగేది?

ఒక మధ్యాహ్నం నాజ్‌నీన్ శనగపిండి పట్టించుకురావడానికి మిషన్ దగ్గరికి పోయింది. రోషన్ బీ దొంగలా తలుపు దగ్గరికి వేసి, బీరువాలోంచి కోడలి పిస్తా రంగు షిఫాన్ హిజాబ్ తీసి, తోచినట్టు చుట్టుకుంది. పిన్నుల డబ్బాలో రూపాయి బిళ్ళ కన్నా చిన్న బిళ్ళలు జతలు జతలుగా అతుక్కుని ఉన్నాయి. ఒకటి గుడ్డ లోపల, ఒకటి పైన పెడితే గట్టిగా పట్టుకున్నాయి. గుచ్చుకునే బాధ లేదు, బాగుందే అనుకుంది. ఎట్లా ఉందో చూసుకుందామని బీరువా తలుపు మూసి, దాని అద్దానికి మొహం దగ్గరగా పెట్టి పక్కకు తిరిగింది. టక్కుమంది. తల కదపబోతే హిజాబ్ రాలేదు.

ఆ తలుపు అంచున రేకు లేచి ఉంది. కొడుకు అర్హాన్ కొత్త చొక్కా దానికే తగులుకుని చిరిగింది. షిఫాన్ కూడా అక్కడే తగులుకుందని రోషన్ బీ అనుకుంది. లాగితే చిరుగుతుంది. లాగకపోతే పట్టుబడుతుంది. చెవిని బీరువాకు ఆనించి, అది చెప్పే కబుర్లు వింటున్నట్టు నిలబడింది. కిటికీలోంచి గాలి దుమ్ము తెచ్చి మొహాన కొడుతున్నా తుడుచుకోలేదు. ఆ పిల్ల ఇష్టంగా కొనుక్కున్నది, చించడం కన్నా దొరికిపోవడమే మేలని చివరికి తేల్చుకుంది.

నాజ్‌నీన్ వచ్చింది. పిండి డబ్బా చంకలో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"బీరువా సర్దుతాండా," అంది రోషన్ బీ, తల తిప్పకుండా.

నాజ్‌నీన్ నవ్వలేదు. నవ్వు రాక కాదు, పెదవి కొరికి ఆపుకుంది. డబ్బా దించి, దగ్గరికి వచ్చి, వేలితో అలవోకగా ఊడదీసింది. రేకుకు తగులుకోలేదని, ఆ బిళ్ళ అయస్కాంతమని, ఇనుము కనబడితే వదలదని చెప్పింది. రోషన్ బీ సిగ్గుతో హిజాబ్ విప్పబోతే ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీండి అత్తమ్మా. ఈ రంగు మీకు బాగుండాది. కూచోండి, నేను కడతా."

రోషన్ బీ కూర్చుంది. చెవుల వెనక కోడలి వేళ్ళు మెత్తగా తిరుగుతుంటే హాయిగా అనిపించింది. తల్లి పోయాక ఆమె తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నేళ్ళో అయింది. కట్టడం అయ్యాక అద్దంలో చూసుకుంది. చెవులు లోపల, మెడ లోపల, అంతా బాగుంది. ఎద మీదికే చాలలేదు. ఆ ఒక్కటీ ఆమె ఒప్పుకోదు. వెనక్కి పోయిన కొసను ముందుకు లాగి, ఎద మీదుగా పరిచి, రెండో భుజానికి తెచ్చింది. కోడలు దానికి మడతలు పెట్టి బిళ్ళ తగిలించింది. నిండుగా ఉంది, షోకుగానూ ఉంది. ఇట్లా నాకు తోచలేదే అంటూ నాజ్‌నీన్ తనది కూడా విప్పి అలాగే కట్టుకుంది.

ఆదివారం గుంతకల్లు షాదీఖానాలో అత్తాకోడళ్ళు ఒకే తీరు కట్టుతో దిగారు. ఆడవాళ్ళంతా చుట్టూ మూగి కొసలు పట్టి చూశారు. ఫోటోలు తీసే అబ్బాయి రోషన్ బీని పిలిచి మరీ ముందు వరసలో నిలబెట్టాడు. ఆమె సంబరానికి అంతు లేదు. అయితే ఖాసింబీ విన్న మాట మరిచిపోయే మనిషి కాదు. అందరి ముందరా అడిగింది.

"ఏం వదినా, ఇది పర్దా కాదు, షోకు అంటివే?"

అందరూ రోషన్ బీ వైపే చూశారు. ఇది వేరే తీరు అనొచ్చు. నేనే కనిపెట్టిన కట్టు అని కూడా అనొచ్చు, అందులో సగం నిజమే. పక్కకు చూసింది. కోడలు తల వంచుకుని ఉంది.

"అంటి ఖాసింబీ," అంది రోషన్ బీ. "నాకెవురూ ఇట్ల కట్టలేదని కడుపు మండి అంటి."

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. నాజ్‌నీన్ ఒక్కతే నవ్వలేదు. దగ్గరికి వచ్చి అత్త భుజం మీద మడత సర్దింది. సర్దడానికి అక్కడేమీ లేదు, మడత చక్కగానే ఉంది.