వార్నిష్ వేయని బెండు

ఫర్జానీ మా షెడ్డు గుమ్మంలో నిలబడి నవ్విన రోజునే వాడి పని పట్టాలని తేల్చుకున్నాను. అంతకు ముందు పంతొమ్మిదేళ్ళూ అనుకోలేదా అంటే, రోజూ అనుకున్నాను. దారి దొరకలేదంతే. ఆ రోజు దారే తోపుడు బండెక్కి వచ్చింది.

బండిలో గోనెపట్టా కింద వాళ్ళ నాన్న పడవ మోటారు ఉంది. మా అతాయా రేవులో అందరూ తెరచాపలు కట్టుకుని తిరిగే రోజుల్లో మొట్టమొదట చప్పుడు చేసింది అదే. ముసలాయన పోయాక ముప్పై ఏళ్ళుగా కోళ్ళగూడు పక్కన పడుంది.

"రజబన్నా, దీన్ని బతికించేవాడు ఈ దీవిలో నువ్వొక్కడివే. ఆక్టోపస్ వేట మొదలయ్యే రోజు నాన్న దీని మీదే అందరికన్నా ముందు వెళ్ళేవాడు. ఈసారి నేను వెళ్ళాలి," అన్నాడు.

"కోళ్ళు రెట్టలేసిన దాని మీద ఊరేగుతావా?"

"నువ్వు కడుగుతావనేగా తెచ్చింది!" అని పకపకా నవ్వాడు. కూడా ఎండబెట్టిన ఆక్టోపస్ కట్ట ఒకటి తెచ్చాడు, ఇంట్లో వండించుకోమని. ఆ పళ్ళు రాలగొడదామనిపించింది. "అక్కడ దించు," అన్నాను.

మా అన్న లమీన్ సంగతి చెప్పాలి. పంతొమ్మిదేళ్ళ కిందట, చలికాలంలో, వాగు అంచున లమీన్ పడవ మోటారు ఆగిపోయింది. మా దీవుల చుట్టూ సముద్రం మోకాలి లోతే, పడవ దిగి నడవొచ్చు. కానీ నీళ్ళ అడుగున లోతైన కాలువలు ఉంటాయి, వాటిని మేం వాగులంటాం. అక్కడ గడకర్ర అడుగు అందదు. ఆటు మొదలైతే పడవని బయటి సముద్రానికి లాక్కుపోతుంది. లమీన్ చొక్కా విప్పి ఊపాడు. ఫర్జానీ పడవ రాయి విసిరితే తగిలేంత దగ్గర్లోంచి పోయింది. మా రేవులో పగవాడి పడవైనా సరే, మోటారు ఆగితే తాడు వేసి లాక్కొస్తారు. అది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. ఫర్జానీ లమీన్ మొహంలోకి చూసి మరీ వెళ్ళిపోయాడు.

మూడు రోజులకి ఏదో పెద్ద పడవ వాళ్ళు అన్నని ఒడ్డుకి చేర్చారు. ఊపిరితిత్తుల్లో చలి దిగింది, నలభై రోజులకి పోయాడు. ఫర్జానీ కాఫీ కొట్లో నిలబడి "నేను చూడలేదు" అన్నాడు. ఊరంతా నమ్మింది. ఫర్జానీ తన మొహంలోకి చూసి మరీ పోయాడని లమీన్ చెప్పాడు, కానీ జ్వరంలో ఉన్నవాడి మాట ఎవరు నమ్ముతారు? నేను నమ్మాను. మా వదిన మన్నూబియా నమ్మింది.

అందుకని నాకు వాడి ప్రాణం అక్కర్లేదు. మోటారు చచ్చిన పడవలో వాడు నిలబడి చెయ్యి ఊపాలి. నేను వాడి మొహంలోకి చూస్తూ వెళ్ళిపోవాలి. అంతే. దానికోసం నెల రోజులు పనిచేశాను. అంత శ్రద్ధగా నా పెళ్ళికి కూడా ముస్తాబవలేదు.

మోటారు మీద నాకు కోపం లేదు, అదేం పాపం చేసిందని? కాబట్టి మోటారుని చల్లబరిచే నీళ్ళ దారి మొత్తం నిజాయితీగా బాగుచేశాను. నీళ్ళలో మునిగుండే కింది కాలు విప్పితే నీళ్ళు తోడే రబ్బరు చక్రం అప్పడంలా విరిగింది. కొత్తది కోసి చెక్కి, రెక్కలన్నీ ఒకే వైపు వంగేలా చూసి బిగించాను. సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరిగే సందుల్లో ఉప్పు రాయిలా గడ్డకట్టి ఉంది. వారం రోజులు వెనిగర్ పోసి, తీసి, మళ్ళీ పోసి, గొడుగు ఊచతో పొడిచి కరిగించాను. అది సరిగ్గా లేకపోతే మోటారు వేడెక్కి బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన మోటారుని చూస్తే నాకు అన్నం సహించదు.

పెట్రోలు ట్యాంకులో తుప్పు. గుప్పెడు నట్లు, పాత గొలుసు ముక్క వేసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లాణ్ణి ఊపినట్టు రెండు రోజులు ఊపాను. కార్బురేటర్ కన్నాలు ఒక్కొక్కటీ చీపురుపుల్లతో పొడిచాను. ఇంక మిగిలింది కార్బురేటర్ లోపల తేలే బెండు. పెట్రోలు నిండగానే అది పైకి తేలి దారి మూసేస్తుంది. అది మునిగితే దారి మూతపడదు, పెట్రోలు పొంగి మోటారుకి గొంతు దాకా వస్తుంది, ఊపిరాడక ఆగిపోతుంది. పాత బెండు ముట్టుకుంటే పొడైంది.

పాత వల బెండులోంచి రెండు కొత్తవి చెక్కాను. ఒకదానికి మూడు పూతలు వార్నిష్ వేశాను. అది పదేళ్ళయినా మునగదు. రెండోదానికి వెయ్యలేదు, పైగా సూదితో గుచ్చాను. ఎన్ని గుచ్చితే ఎంతసేపటికి మునుగుతుందో తెలియడానికి కిటికీలో టీ గ్లాసుల్లో పెట్రోలు పోసి ముక్కల్ని తేలేసి కూర్చున్నాను. గంటన్నర కావాలి నాకు. రేవు నుంచి వాగు అంచుకి, ఆక్టోపస్‌లు దూరి దాక్కునే కుండల్ని ఫర్జానీ దించే చోటుకి అంతే పడుతుంది. నాలుగో రోజుకి లెక్క కుదిరింది.

మంచి బెండు పెట్టి, రేవులో నీళ్ళ పీపాకి తగిలించి, అందరి ముందూ మోటారు తిప్పాను. రెండో గుంజుకే అందుకుంది. వెనక చిన్న కన్నంలోంచి సన్నటి నీటి ధార పడింది.

"పోస్తోంది, పోస్తోంది!" అని కాఫీ కొట్టు రుబెయ్ అరిచాడు. "మా మామకన్నా ధారగా పోస్తోంది, రజబన్నా! ఆయన్ని కూడా నీ షెడ్డుకి పంపమంటావా?"

"ఆయన గొట్టాలకి విడిభాగాలు దొరకవురా," అన్నాను. అంతా నవ్వారు. ఫర్జానీ నన్ను కావిలించుకున్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. వేట రోజు పొద్దున, వాడు కుండలు ఎక్కిస్తుంటే, "ఒకసారి చూసిస్తాను" అని బెండు మార్చాను.

వాడు అందరికన్నా ముందు వెళ్ళాడు, ఛాతీ విరుచుకుని. పడవలన్నీ ఎవరి చోటుకి అవి చీలిపోయాయి. నేను కాసేపాగి వాడి వెనకే బయల్దేరాను.

గంటన్నర కూడా పట్టలేదు. వాగు అంచున వాడి పడవ అడ్డంగా తిరిగి ఆగి ఉంది. పెట్రోలు కంపు నాదాకా వచ్చింది. ఫర్జానీ నిలబడి, తలపాగా విప్పి ఊపుతున్నాడు.

"రజబన్నా! పెట్రోలు పొంగిపోతోంది. తాడు వెయ్యి!"

పది బారల దూరంలో నా మోటారు ఆపాను. చూస్తూ వెళ్ళిపోదామనే అనుకున్నాను. కానీ నోరు ఊరుకోలేదు.

"లమీన్‌ని చూశావా, లేదా?"

"ఏంటన్నా, ఇప్పుడా ఆ మాట?"

"నాకేం తొందర్లేదు. ఆటుకే తొందర."

వాడు నీళ్ళకేసి చూశాడు. పడవ అప్పటికే బయటికి జరుగుతోంది. గడకర్ర దించాడు, అందలేదు. తలపాగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"చూశాను," అన్నాడు. "చొక్కా ఊపాడు. నా పడవ నిండా చేపలు. మంచు కరిగిపోతోంది. స్ఫాక్స్ చేపల సంతకి వెళ్ళే లాంచీ అందుకోవాలి. నా వెనక ఇంకెవరో ఒకరు వస్తుంటారులే, వాళ్ళు లాగుతారులే అనుకున్నాను."

"ఎవరూ రాలేదని ఎప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే."

"తెలిశాక?"

"తెలిశాక చెప్పడానికి నోరు రాలేదు."

ఆ సాయంత్రం చెప్పి ఉంటే ఊరు ఊరంతా పడవలేసుకుని వెతికేది. లమీన్ దొరికేవాడు. పంతొమ్మిదేళ్ళుగా నేను తిట్టుకున్నది వాడు చేసిన దాంట్లో సగాన్నే. నా చేతిలో తాడు ఉంది. దాన్ని చుట్ట చుట్టి కాళ్ళ దగ్గర పడేశాను.

"నా వెనక కూడా ఎవరో ఒకరు వస్తారులే," అని మోటారు గుంజాను.

వాడు అరవలేదు. అరిచి ఉంటే ఇంకా హాయిగా ఉండేది. కానీ అబద్ధం ఎందుకు, హాయిగానే ఉంది. రేవు దాకా ఈల వేసుకుంటూ వచ్చాను.

మన్నూబియా వదిన గట్టు మీద కూర్చుని కుండలకి తాళ్ళు కడుతోంది. "ఏంటి రజబూ, మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది?" అంది.

అంతా చెప్పాను. మంచు, లాంచీ, ఆ సాయంత్రం, అన్నీ. బెండు సంగతి కూడా దాచలేదు, గొప్పగానే చెప్పాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. నన్ను దీవిస్తుందనుకున్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ ఆ మాట కోసమేగా కాచుకుంది.

"వాగు అంచున ఎక్కడ?" అంది.

చెప్పాను.

"వదిలి ఎంతసేపైంది?"

"గంట దాటింది."

లేచి నా పడవలోకి దిగింది. "నువ్వు గట్టెక్కు."

"వదినా, నేనూ వస్తా."

"గట్టెక్కమన్నానా!"

ఎక్కాను. ఆవిడ ఎప్పుడూ మోటారు పట్టదు, కానీ లమీన్ నేర్పాడని మర్చిపోయాను. ఒక్క గుంజుకే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక తిరిగొచ్చింది. అప్పటికి పడవలన్నీ రేవు చేరాయి, ఊరంతా గట్టు మీదే ఉంది. ముందు నా పడవలో మన్నూబియా నిలబడి ఉంది. వెనక తాడు, తాడు చివర ఫర్జానీ. వాళ్ళ నాన్న మోటారు పైకెత్తి ఉంది, వాడి తల కిందికి వాలి ఉంది. లమీన్ పెళ్ళాం ఫర్జానీని లాక్కురావడం చూసి గట్టు మీద అంతా లేచి నిలబడ్డారు. ఆవిడ తొందరపడలేదు. రేవు ఈ చివర నుంచి ఆ చివర దాకా, పడవలన్నిటి ముందు నుంచీ, మెల్లగా లాక్కొచ్చింది. నా నెల రోజుల పన్నాగం దాని ముందు పిల్లల ఆటలా కనిపించింది.

ఫర్జానీ గట్టెక్కాడు.

"కాఫీ కొట్లోకి వెళ్ళి చెప్పు," అంది మన్నూబియా. "రజబ్‌కి చెప్పిన మాటలే. మంచు సంగతి కూడా. ఆ సాయంత్రం సంగతి కూడా."

వాడు తలూపి కదిలాడు. ఆవిడ నావైపు తిరిగింది.

"నువ్వేంటి నిలబడ్డావు? బెండు సంగతి ఎవరు చెప్తారు?"

"వదినా, నేను చేసింది లమీన్ కోసం."

"లమీన్ మూడు రోజులు చూసింది వెనకొచ్చే పడవ కోసం. ఆయన పేరు చెప్పి ఇంకొకణ్ణి వాగులో వదిలేస్తావా? నా మొగుడి చావు నీ చేతిలో పనిముట్టనుకున్నావా? వెళ్ళు."

ఫర్జానీ మీద నాకు ఇప్పటికీ జాలి లేదు. ఈ మాట ఎవరడిగినా చెప్తాను. కానీ ఆ రోజు ఊరంతా చూస్తుండగా మా వదిన మొహంలోకి చూడలేకపోయాను. ఫర్జానీ అప్పటికి కాఫీ కొట్టు గుమ్మం దాటుతున్నాడు. నేను వాడి వెనకే వెళ్ళాను.