టోనీకి వచ్చిన సంబంధం

తెల్లవాళ్ల దేశంలో, ఆఖెన్‌లో దర్విస్ ఇంజనీరింగు చదివిన ఆ నాలుగేళ్లూ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే గుండె చివుక్కుమంటుంది. ఎంత మంచి రోజులవి! అరవయ్యో దశకం మొదలు. వానకు కారే అటక గది. అందులో మా దీవుల్లోని జంబీ నుంచి వచ్చిన మన దర్విస్, తోడుగా మా దీవులవాడే, బటక్ తెగ కుర్రాడు పర్లిన్. మిరపకాయలు దొరక్కపోతే మిరియాలు దంచి, దానికే మా మిరప పచ్చడి పేరు, సంబల్ అని పెట్టుకుని అన్నం లాగించేవాళ్లు.

దర్విస్‌కి ఒకటే పిచ్చి. చదువు ముగించి, ఊరికెళ్లి, తమ రేవు దగ్గర నది మీద వంతెన కట్టాలి. పడవ కోసం గంటల తరబడి కూర్చున్న జనం పడవవాణ్ణి ఏమేం తిడతారో వాడికి కంఠతా వచ్చు.

ఆ పిచ్చి వినీ వినీ పిచ్చివాణ్ణే ప్రేమించింది టోనీ. అసలు పేరు ఆంటోనియా. కాలేజీలో నక్షాలు గీసే ఉద్యోగం. వాడి గీత వంకర పోతే రబ్బరుతో చెరిపేసి, "దీని మీదేనా మీ అమ్మను నడిపించేది?" అని దెప్పేది. ఆదివారాలు ఒకే గొడుగులో ఊరంతా తిరిగేవారు. పెళ్లయ్యాక అత్తగారి ముందు మూగదానిలా కూర్చోలేనని పట్టుబట్టి మా భాష కూడా నేర్చుకుంది.

ఆ అత్తగారికేమో ఇలాంటి కోడలొకతె ఉందని వాడు చెప్పనేలేదు. అలాగని దర్విస్ ఏదీ దాచలేదు. ప్రతి ఉత్తరంలోనూ టోనీ కబుర్లే. మగవాడైనా, ఆడదైనా మా భాషలో 'దియా' ఒక్కటే మాట. ఆ మాట చాటున దాక్కున్నాడు దొంగ వెధవ! తనకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్నది దియా, సూపు కాచి తాగించింది దియా. చదివినవాళ్లు ఎవరో స్నేహితుడనే అనుకుంటారు. ఎందుకిలా అంటే, ఓడెక్కే రోజున తల్లి చెయ్యి పట్టుకుని, "తెల్లపిల్లను చేసుకుని అక్కడే ఉండిపోకు నాన్నా" అంది. ఆ మాట వాడి గొంతుకు అడ్డం పడింది.

చివరి పరీక్షల ముందు తల్లి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మీ మామయ్య కూతురు సల్మాకి సంబంధాలు చూస్తున్నాం, మీ టోనీ మంచితనం వింటుంటే ముచ్చటేస్తోంది, మన మతంలోకి రావడానికి అభ్యంతరం లేకపోతే పెళ్లి ఉద్దేశం ఉందేమో కనుక్కో అని.

పర్లిన్ మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. టోనీ కూడా కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి ఆపేసింది.

"ఇన్నాళ్లూ మీ ఇంట్లో నేను మగవాణ్ణన్నమాట," అంది. "సరే, నవ్వింది చాలు. టోనీ ఆడపిల్ల అని రాయి, అంతే. మీ అమ్మ వద్దంటే అది ఆవిడ ఇష్టం. కానీ వద్దనడానికైనా నేనంటూ ఉండాలి కదా."

రాస్తానన్నాడు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చింపాడు. నది మీద వంతెన కడతావట, తల్లికి ఒక్క ముక్క రాయలేవా అని పర్లిన్ గడ్డిపెట్టాడు. అయినా పరీక్షల ముందు అమ్మను కంగారు పెట్టడమెందుకు, పట్టా చేతికొచ్చాక నింపాదిగా రాయొచ్చనుకుని, "టోనీకి ఇప్పట్లో పెళ్లి ఉద్దేశం లేదటమ్మా" అని గీకి, కవరు అంటించకుండానే బల్లమీద వదిలేసి పరీక్షకు పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి బల్లమీద కవరు లేదు. కుర్చీలో టోనీ ఉంది.

"పోస్టు చేశాను," అంది మా భాషలోనే, ఒక్క తప్పు లేకుండా. "చదివాను కూడా."

పట్టా రానీ, అన్నీ రాస్తానని వాడు కాళ్లావేళ్లా పడ్డాడు. ఆమె కేకలెయ్యలేదు. పట్టా రానే వచ్చింది, మంచి మార్కులతో. ఆ వారంలోనే టోనీ హాంబుర్గ్‌లో పని చూసుకుని రైలెక్కింది. ఎక్కబోతూ, వంతెన బాగా కట్టమని మాత్రం చెప్పింది.

కట్టాడు. తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోగా వచ్చిన సంబంధాలన్నీ తిరగ్గొట్టాడు. వంతెన తెరిచిన రోజు తల్లి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడిచి, మళ్లీ వెనక్కి నడిచి, ఇంటికొచ్చి కొడుక్కి చేపల పులుసు వడ్డించింది.

"ఇవాళ ఆ టోనీ కూడా ఉంటే బాగుండేదిరా," అంది. "బంగారంలాంటి పిల్ల."

దర్విస్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పిల్ల అని నీకెవరు చెప్పారని అడిగాడు.

"ఒకరు చెప్పాలా? సూపులో ఉప్పు ఎక్కువైందని స్నేహితుడి గురించి ఏ మగాడైనా పేజీడు రాస్తాడా? నీ నోటితోనే చెప్పిద్దామని సల్మా సంబంధం అల్లి రాశాను. మన భాష నేర్చుకుంటున్న పిల్ల నిన్ను అక్కడ ఉంచెయ్యదు, మన దగ్గరికే వస్తుందనుకున్నా. తీసుకురారా అని రాద్దామని ఎదురుచూశాను. తీరా చూస్తే ఆ పిల్లకి పెళ్లి ఉద్దేశం లేదట. తనకే ఇష్టం లేనప్పుడు నేనేం చెయ్యను, నువ్వు బాధపడతావని మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు."

దర్విస్ కంచం పక్కకు జరిపాడు.

"ఇష్టమేనమ్మా," అన్నాడు. "ఆమె అలా అనలేదు. నేనే రాశాను."

తల్లి గరిటె కింద పెట్టేసింది. ఊరంతా భుజాల మీద మోసిన ఆ ఇంజనీరు, ఎంగిలి చేత్తోనే మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.