ఒప్పించి తోల్కరా

సూరత్ మరమగ్గాల వాడలో ఎవరూ మాట్లాడుకోరు, అరుచుకుంటారు. గోడ అవతల యాభై మగ్గాలు పగలూ రాత్రీ ఒకే మాట మీద ఉంటాయి కాబట్టి గోడ ఇవతల ఏ ఇద్దరి మాటా ఒకటి కాదు. ఆ పొద్దున ఫోను పెట్టేసిన సోమలింగం, "అమ్మా, ప్రసన్న బార్డోలీ పోయింది!" అని అరిచాడు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో కండెలు చుట్టిన తల్లి చెవికి నడిమి మాట ఎగిరిపోయి మొదలూ చివరా మాత్రమే చేరాయి. ప్రసన్న పోయింది. ముసలామె, "ఓ నా బిడ్డో!" అని గుండె బాదుకుంటూ నేల మీద కూలబడింది.

రొట్టెల పిండి తడుపుతున్న పెద్దకోడలు పద్మారాణి చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. పక్క గదుల ఆడవాళ్లు తడి చేతులతో పరిగెత్తుకొచ్చారు. "బంగారమసొంటి పిల్ల! ఒక్కనాడు ఎదురు మాట్లాడలే. నా కాళ్లు పిసికిన చేతులు..." చిన్నకోడలికి ఐదేళ్లలో దక్కని మెచ్చుకోళ్లన్నీ ఐదు నిమిషాల్లో దక్కాయి. చివరికి సోమలింగం తల్లి చెవికి నోరు ఆనించి, "సావలేదే అమ్మా! ఇల్లిడిసి పోయింది! బార్డోలీల ఎవరిదో మెస్సుల ఉన్నదట!" అన్నాక ఏడుపు టక్కున ఆగింది. ముసలామె ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

"ఇల్లిడిసి పోయిందా? గంతకంటే సచ్చినా బాగుండు."

బంగారం బజారు పాలు కావడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టలేదు.

ప్రసన్న పద్మారాణికి తోటికోడలు, మరిది పరమేశ్వర్ పెళ్లాం. మూడు రోజుల కిందట పరమేశ్వర్ ఫోనులో ఏదో చూస్తుండగా, సద్ది తెచ్చిన ప్రసన్న నలుగురిలో "నీ మగ్గం ఆగింది చూడు" అంది. దారం మోసుకుంటూ మగ్గంలో అటూ ఇటూ ఉరికే కొయ్య నాడె, కొసకు ఇనుప మొన ఉన్నది, అతని చేతిలో ఉంది. ప్రసన్న కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. నిన్న కట్టు మార్పించుకొస్తానని దవాఖానకు వెళ్లి, ఇంటికి దారి మార్పించుకుంది. రాత్రి రాకపోతే దవాఖానలోనే ఉంచుకున్నారనుకున్నారు ఇంట్లో వాళ్లు.

గంటలో వాడకట్టు పెద్ద సాంబయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేతన్నల వాడలో నేతలకు కొదవ ఉండదు. పరమేశ్వర్ గడప మీద గోళ్లు చూసుకుంటూ, "నేనేం కొట్టిన వదినె? చేతుల నాడె ఉండె, గట్లనే తగిలింది" అన్నాడు. నాడె దానంతటదే లేచి, ప్రసన్న నుదురు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లిందన్నమాట.

"మొగోళ్లు పోతే లొల్లి అయితది" అన్నాడు సాంబయ్య. "పద్మను తోలుర్రి. ఈమె నోరు ఈడ తెరిస్తే ఆడ సిరిసిల్లల చీరలు అమ్ముడుపోతయి. గా పిల్లను ఒప్పించుడు ఎంత పని?"

మాట నిజమే. పద్మారాణి నోటికి సూరత్‌లో జీతముంది. బట్టల మార్కెట్లో నాలుగో అంతస్తు దుకాణంలో గుండ్రటి లైటు ముందు నిలబడి, ఫోనులో లైవ్ పెట్టి, తెలుగు ఊళ్ల ఆడవాళ్లకు చీరలు అమ్ముతుంది. ఆ విద్య గుజరాతీ సేటు నేర్పాడు. "పహలే తీన్ బార్ హా బుల్వావో, బెన్" అనేవాడు. ముందు మూడుసార్లు అవుననిపించు అక్కా, నాలుగోది దానంతటదే వస్తుంది. ఇస్త్రీ చేసే తీరిక లేదు కదక్కా? అవును. ఉతికితే రంగు దిగొద్దు కదక్కా? అవును. ఇంట్లో ఎవ్వరూ మనకు కొనిపెట్టరు కదక్కా? అయ్యో, అవును. మరి ఈ చీర? చీర కావాలా వద్దా అని అడగకూడదు, ఎర్రదా పచ్చదా అని అడగాలి. చీరలో మచ్చ ఉంటే కొనేవాళ్ల కంట పడకముందే మనమే వేలు పెట్టి చూపించాలి. ఆ తర్వాత ఏం చెప్పినా నమ్ముతారు. ఈ విద్యను పద్మారాణి ఇంటికీ మోసుకొచ్చింది. ఉద్యోగానికి పోనా అని మొగుణ్ని ఎన్నడూ అడగలేదు. పొద్దటి పూట పోనా, మధ్యాహ్నం పూట పోనా అని అడిగింది. సోమలింగం బాగా ఆలోచించి "పొద్దటిదే నయం" అన్నాడు, ఇప్పటికీ తనే పంపించానని చుట్టాలకు చెప్పుకుంటాడు. లైవ్‌లో ఆమె మాటకు ఎదురు లేదు, లైఫ్‌లో ఆమె మాటకు ఆమె పేరే లేదు.

"పోయినసారి నువ్వే తెచ్చినవ్ గద" అన్నాడు సోమలింగం. "ఇయ్యాల గూడ ఒప్పించి తోల్కరా. రాకపోతే ఇంట్ల వండేదెవరు? అమ్మకు నీళ్లు వోసేదెవరు? అది రాలేదనుకో, రేపటి సంది నీ మార్కెట్ బంద్."

ఎర్రదా, పచ్చదా. విద్య మొగుడికి కూడా అబ్బిందని పద్మారాణికి అప్పుడర్థమైంది. ప్రసన్న ఇంట్లోకి రావాలి, లేదా పద్మారాణి ఇంట్లోంచి పోకూడదు. మూడో రంగు చూపించలేదు.

బార్డోలీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఊరు వెనకబడి చెరుకు తోటలు మొదలయ్యాక, అలవాటుగా పెదవులు కదుపుతూ మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టింది. కొత్తగా పేర్చేదేముంది? పోయినసారివే ఉన్నాయి. రెండేళ్ల కిందట ప్రసన్న ఇలాగే ఊర్లోనే ఒక స్నేహితురాలింటికి పోతే పద్మారాణే వెళ్లి కూర్చుంది. నీకు ఇల్లుంది కదా చెల్లె? ఉంది. తిండి పెడుతుండు కదా? పెడుతుండు. రోజూ కొట్టడు కదా? రోజూ కొట్టడు. మూడో అవునుకు ప్రసన్న లేచి చెప్పులేసుకుంది. పద్మారాణి జీవితంలో అంత తొందరగా తెగిన బేరం మరొకటి లేదు. నెల తిరక్కుండా పరమేశ్వర్ కొట్టిన ఒక చెంపదెబ్బకు ప్రసన్న ఎడమ చెవి పోయింది. అప్పటినుంచి ఎడమ పక్కనుంచి పిలిస్తే పలకదు. అత్త దాన్ని పొగరంటుంది. ఆ చెవి సంగతి వచ్చినప్పుడల్లా పద్మారాణి తనకు తాను ఒకటే చెప్పుకునేది, నేను మంచికే చెప్పిన కదా అని. చెప్పింది మంచికే. ఎవరి మంచికి అన్నది మాత్రం ఎవరూ అడగలేదు. ప్రసన్న ఇంట్లో ఉంటేనే ముసలామె స్నానమూ, పొయ్యీ, బట్టలూ నడుస్తాయి. అవి నడిస్తేనే తొమ్మిదింటికి పద్మారాణి కాళ్లు మార్కెట్‌కు నడుస్తాయి. గడపలో వేడి టిఫిన్ డబ్బా అందించే చెయ్యి ఒకటుంది కాబట్టే తను గడప దాటుతోంది. ఈ లెక్కన తను దాటుతున్నది గడపనా, ఆ పిల్లనా?

మెస్సు బస్టాండు వెనకే ఉంది. నడిపే ఆమె పేరు సుభాషిణి, వరంగల్ మనిషి. పేరుకు సుభాషిణే గానీ మాటల్లో మహా పిసినారి. పద్మారాణిని కింది నుంచి మీదికి చూసి, "నాకు వంటకు మనిషి కావాలె. ఉండనీకి అర్ర ఉన్నది, జీతం ఇస్త. ఉండుడు ఉండకపోవుడు ఆమె ఇష్టం" అని, వెనక గది చూపించి చారు తిరగమోతకు వెళ్లిపోయింది.

ప్రసన్న బియ్యం బస్తా మీద కూర్చుని ఉంది. నుదుటి మీద కట్టు. ఒళ్లో సంచి, గట్టిగా ముడేసి ఉంది. కుడి చెవి ఇటు తిప్పింది.

"వచ్చినవా అక్కా? చెప్పులేసుకోనా?"

"నేనింకా ఏమనలే గదనే."

"నువ్వనుడెందుకక్కా, రాత్రంతా నాకు నేనే చెప్పుకున్న. ఇల్లున్నది కదా అనుకున్న. రోజూ కొట్టడు కదా అనుకున్న. అన్నీ నీ గొంతుతోనే వినవడ్డయి." ఎడమ చెవి ముట్టుకుని నవ్వినట్టు చేసింది. "గీ చెవుల గూడ."

ఏ సేటూ నేర్పని సంగతి అది. సరుకు ఒక్కసారి అమ్మితే చాలు, తర్వాత కొన్నవాళ్లే తమకు తాము అమ్ముకుంటూ ఉంటారు. పద్మారాణి ఇప్పుడు ఏమీ చెప్పనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. నాలుగింటి బస్సుకు ఇద్దరూ ఎక్కుతారు. రేపు తొమ్మిదింటికి డబ్బా చేతికొస్తుంది, లైటు వెలుగుతుంది. ఆ లైటు ముందు సేటు ఆమెను మొదటిసారి "పద్మాబెన్" అన్న రోజు, తనకొక పేరుందని గుర్తొచ్చి మెట్ల దగ్గర నిలబడి ఏడ్చింది. అది పోతే? ఉదయం ముసలామె నీళ్లు, మధ్యాహ్నం సద్ది, సాయంత్రం పొయ్యి. నలభై ఏళ్ల నోరు మళ్లీ అన్నం ముద్దకే పనికొస్తుంది. పద్మారాణి సంచి పట్టుకుంది. ఎత్తడానికే పట్టుకున్నాననుకుంది. చెయ్యి లేవలేదు.

"కూసో" అంది. "ముందుగాల మచ్చ చూపిస్త. పోయినసారి నిన్ను నీ సంసారం కోసం తేలే. నా డబ్బా కోసం తెచ్చిన. నువ్వు ఇంట్ల ఉంటెనే నేను మార్కెట్ల ఉంట."

"నాకెరికే అక్కా."

"ఎరికేనా? మరెందుకు వచ్చినవే?"

"మనిద్దరిల ఒక్కరన్న బయటికి పోతున్నరు గదా అనుకున్న."

పద్మారాణి బస్తా పక్కనే నేల మీద కూర్చుంది. మాటలు వరసగా రాలేదు. లైటు లేదు, కదక్కా లేదు, మూడు అవునులూ లేవు. ఎదురుగా ప్రసన్న ఇంటి తరఫున వకీలులా వాదించింది. మావోళ్లు ఏమంటరు? ఎన్నొద్దులు ఉంట ఈడ? బావ నిన్నేమనకుండ ఊకుంటడా, నీ పని బంద్ చేస్తడు గదా? ఆ ఒక్క ప్రశ్న దగ్గరే పద్మారాణి తడబడింది. "చేస్తడు" అంది. "చేస్తే నా లొల్లి నేను వడ్త. నీ చెవితోని గాదు." సుభాషిణి రెండుసార్లు వచ్చి చాయ్ పెట్టి వెళ్లింది. రెండూ చల్లారిపోయాయి. ప్రసన్న సంచి విప్పలేదు.

"రోజూ కొట్టడు గద అక్కా" అంది చివరికి, అరిగిపోయిన గొంతుతో.

"అవునే, రోజూ కొట్టడు. ఏ రోజు కొట్టడో నీకు ముందుగాల ఎరికైతదా?"

ప్రసన్న సంచి ముడి మీది చెయ్యి తీసి నుదుటి కట్టు తడుముకుంది. ఒళ్లోంచి సంచి జారి కింద పడినా చూసుకోలేదు.

పద్మారాణి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. వాకిట్లో అందరూ ఉన్నారు, పక్క గదుల వాళ్లతో సహా. ఆమె వెనక ఎవరూ లేరని చూడటానికి అందరూ మెడలు సాచారు.

"ఒక్కదానివే వచ్చినవా?" సోమలింగం నవ్వాడు. "లైవ్‌ల వేలమందికి చెప్తదట! ఒక్కదానికి చెప్పుడు చాతగాలే."

"నన్నేమన్నది? రానన్నదా?" అన్నాడు పరమేశ్వర్, లేచి నిలబడి.

"గొడ్డు మొండిది! నేను ముందే చెప్పలే?" అంది అత్త.

సాంబయ్య చెయ్యెత్తి అందరినీ ఆపాడు. పద్మారాణి మీద జాలి చూపించాడు. "ఈమె తప్పేం లేదు. పొద్దటి సంది తిరిగి తిరిగి వచ్చింది. గా పిల్లే తలబిరుసు. రేపు నలుగురం మొగోళ్లం పోయి మా తీరున చెప్తం. నువ్వు జర అన్నం తిను బిడ్డా."

ఇంత సులువుగా తప్పించుకునే దారి ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చూపించలేదు. అవును మామా, మొండిది, నా మాట వినలే అంటే చాలు. నేరం బార్డోలీలో ఉంటుంది, అన్నం ఇక్కడ ఉంటుంది, నాలుగు రోజులు బతిమాలితే మార్కెట్ కూడా ఉంటుందేమో. రేపు ఆ నలుగురూ బియ్యం బస్తా దగ్గరికి వెళ్తారు. పద్మారాణి చెప్పులు విడవకుండా వాకిలి నడిమికి వచ్చింది. మగ్గాల చప్పుడు మీదుగా, అత్త చెవికి కూడా అందేటంత గొంతుతో, వాడందరికీ వినిపించేలా చెప్పింది.

"మామా, మీరు తప్పు అనుకుంటున్నరు. ప్రసన్న రానన్లే. నేను పోయేసరికే సంచి సదురుకొని కూసున్నది. చెప్పులేసుకోనా అక్కా అన్నది. రెండు గంటలు పట్టింది నాకు, రావద్దని ఒప్పించనీకి."