గ్యాలరీలోంచి ఒక ఈల

ఆదివారం పొద్దున్న నేను పిండి పలచగా ఒత్తి, దాని మీద ఆకుకూర, జున్ను కలిపిన ముద్దలు వరసగా పెట్టి మడుస్తుంటే ఫోను మోగింది. ఒపేరా థియేటర్ నుంచి. రాణి వేషం కట్టే గాయనికి రాత్రికి రాత్రే గొంతు పోయిందట, మంచినీళ్ళు కావాలన్నా చేత్తో సైగ చేస్తోందట. "మధ్యాహ్నం ఆటకి మీరే పాడాలి, ఓర్నెల్లా గారూ. భోజనం కాగానే వచ్చేయండి," అన్నారు. సరేనని ఫోను పెట్టేసి, మళ్ళీ వచ్చి మిగిలిన ముద్దలు మడవడం మొదలుపెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి కోరస్‌లో నలుగురి వెనక నిలబడి పాడుతూ, ఎవరికైనా జబ్బు చేస్తే అక్కరకొస్తుందని పెద్ద వేషాలన్నీ కంఠతా పెట్టి కూర్చున్న మనిషిని. పిలుపు వచ్చిన రోజున కూడా పొయ్యి దగ్గర నుంచి కదలాలని తోచలేదు. మా అత్తగారు ఇరీదె, మా ఆయన స్నేహితుడు ఒరెస్తె భోజనానికి వస్తారు. ఆట ఉన్న ప్రతి ఆదివారం వాళ్ళు మా ఇంట్లో తిని, ఆ తర్వాత మగాళ్ళిద్దరూ థియేటర్లో పై గ్యాలరీకి పోతారు. వాళ్ళు తినకుండా నేను పాడటం ఎలాగో నాకు తెలియలేదు మరి.

బల్ల దగ్గర అందరికీ వడ్డించాకే చెప్పాను. మా ఆయన అమిల్కారె చేతిలో ఫోర్కు ఆగింది. మా అత్తగారు వెన్న కరిగిందో లేదో చూసుకుంటూ, "అయితే సాయంత్రం సూప్ ఎవరు కాస్తారే?" అంది.

"ముందే కాచి పెట్టాను అత్తయ్యా. వేడి చేసుకుంటే చాలు."

"నేనా వేడి చేసుకునేది?"

ఒరెస్తె పగలబడి నవ్వాడు. "అయితే వదినా, ఇవాళ మళ్ళీ ఈల తప్పదన్నమాట! ఏరా అమిల్కారే, వేళ్ళకి పదును పెట్టుకో!"

ఆ ఈల సంగతి ఇటలీలో మా పార్మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. మా దగ్గర థియేటర్లో ఈలంటే మెప్పు కాదు, మొహాన ఉమ్మినట్టు. కింద కుర్చీల్లో, బాల్కనీల్లో కూర్చునే పెద్దవాళ్ళు మర్యాదకి చప్పట్లు కొడతారు. పైన చెక్కబల్లల మీద ఇరుక్కుని కూర్చునే గ్యాలరీ వాళ్ళు మాత్రం ఎవరినీ క్షమించరు. ఒక్క స్వరం జారినా ఈల వేసి దించేస్తారు. ఎక్కడెక్కడి పెద్ద గాయకులూ మా గ్యాలరీ పేరు చెబితే చెమటలు పట్టి వణుకుతారు. నాకు పెళ్ళైన రెండో ఏడు, మొట్టమొదటిసారి పెద్ద వేషం ఇచ్చారు. పాట చివర పైస్వరం పట్టి నిలబెట్టాను. బాగానే నిలబెట్టాననుకున్నాను. అది ఇంకా గాలిలో ఉండగానే పైనుంచి ఈల వచ్చింది, ఒకే ఒక్కటి, పొడుగ్గా. ఆ ఈల నాకు తెలుసు. పొలం గట్టు మీద నుంచి కుక్కని పిలిచేటప్పుడు మా ఆయన వేసే ఈల. దాన్ని అందుకుని గ్యాలరీ మొత్తం ఈల వేసింది. సొంత పెళ్ళానికే ఈల వేసినవాడు కాబట్టి వీడి చెవి ధర్మకాటా అన్నారు ఊళ్ళో. అప్పటినుంచీ ఆయన గ్యాలరీకి పెద్ద. ఆయన పెదవి విరిస్తే గ్యాలరీ అంతా పెదవి విరుస్తుంది. నేను కోరస్‌లోకి పోయాను. ఆ కథ మా ఇంట్లో ప్రతి పండక్కీ చెబుతారు, నేను కాఫీలు పోస్తుంటాను, చివర్లో అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వకపోతే, "అబ్బ, ఇంకా మనసులో పెట్టుకుందిరా!" అంటారు కదా.

ఆ ఆదివారం అమిల్కారె నవ్వలేదు. మూతి తుడుచుకుని, "ఇల్లు వేరు, గ్యాలరీ వేరు. నీకు తెలుసు," అన్నాడు. కుర్చీ వెనక్కి జరిపి, "నా కోటు బ్రష్ చేశావా?" అన్నాడు.

చేశాను. నా మీద ఈల వేయడానికి తొడుక్కుపోయే కోటుకి మెడ దగ్గర అంటిన చుండ్రు నేనే దులిపి, నేనే తొడిగాను. గిన్నెలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు బయల్దేరాను.

వీధిలో పొగమంచు పట్టపగలే దిగింది. మా వైపు శీతాకాలం అలాగే ఉంటుంది కానీ ఆ రోజు మరీ దట్టంగా ఉంది. ఎదురొచ్చేవాళ్ళ అడుగుల చప్పుడు వినబడుతోంది, మనుషులు కనబడటం లేదు. వంతెన మీద ఎవరో ఆడమనిషి నా పక్కనే, నా అడుగులో అడుగు వేసి నడుస్తున్నట్టు అనిపించింది. ఆగి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ నడిస్తే మళ్ళీ ఆ చప్పుడే. థియేటర్ తలుపు దాకా నాతో వచ్చింది. నా అడుగుల ప్రతిధ్వనేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మేం ఆడుతున్నది షేక్స్పియర్ నాటకాన్ని ఒపేరాగా మలచిన కథ. మా ఊరివాడే, ఎప్పుడో పోయిన సంగీతకారుడు కట్టాడు. రాజుకి భార్య మీద అనుమానం. నిండు సభలో నిందవేసి, చెరలో పెట్టిస్తాడు. ఆమె చచ్చిపోయిందని కబురొస్తుంది. పదహారేళ్ళు ఏడుస్తాడు. ఆఖరికి ఒకరోజు రాణి బొమ్మ చెక్కించామని చెప్పి రాజుని తీసుకొచ్చి తెర లాగుతారు. పాలరాతి బొమ్మ. చూస్తుండగా బొమ్మ పాడుతుంది, దిమ్మ దిగి వస్తుంది, రాజు చెయ్యి అందుకుంటుంది. అంతే. పదహారేళ్ళూ ఏం వండుకు తిందో, ఎవరితో మాట్లాడిందో ఒక్క మాట ఉండదు. వచ్చి చెయ్యి అందుకుంటుంది, అందరూ కళ్ళొత్తుకుంటారు.

మొదటి అంకాలు గడిచాయి. నిండు సభలో నా మీద నింద వేసే చోట నేను గట్టిగా పాడలేదు, ఇంట్లో మాట్లాడినట్టు పాడాను. పైన రెండు మూడు దగ్గులు వినబడ్డాయి. మా గ్యాలరీలో దగ్గు కూడా ఒక అభిప్రాయమే. ఈల మాత్రం రాలేదు. ఆఖరి అంకానికి ముందు, మేకప్ చేసే లొరెదానా నా మొహానికి, మెడకి, చేతులకి తెల్ల పొడి అద్దింది. అద్దుతూ అద్దుతూ ఆగిపోయింది.

"ఒళ్ళు ఇంత చల్లగా ఉందేంటక్కా? జ్వరమొచ్చి తగ్గిందా?"

"భయం వల్లేమోలే."

"భయమైతే చెమట పట్టాలి కదా," అని పని ముగించింది.

దిమ్మ మీద నిలబడ్డాను. తెర లాగారు. నిజంగా రాతిబొమ్మలా కనబడాలని స్టేజి ముందువరస దీపాలు తగ్గిస్తారు, అందుకని ఆ ఒక్క రంగంలోనే స్టేజి మీదివాళ్ళకి జనం కనబడతారు. గ్యాలరీ కటకటాల దగ్గర సరిగ్గా మధ్యలో మా ఆయన. పక్కన ఒరెస్తె. మిగతావాళ్ళు పాడుతుంటే నేను రెప్ప వేయకుండా నిలబడాలి. రాణికి బదులుగా నిలబడ్డ రిహార్సల్స్‌లో అదే నరకం. ముక్కు మీద దురద, కళ్ళలో నీళ్ళు, మోకాళ్ళలో వణుకు. ఆ రోజు అవేవీ లేవు. రెప్ప వేయాలనిపించలేదు. కొంతసేపటికి ఊపిరి పీల్చాలని కూడా అనిపించలేదు. ఎప్పుడు మానేశానో గుర్తు రాలేదు. అయినా హాయిగానే ఉంది, ఆ హాయికే నాకు భయం వేసింది. నిజానికి ఇలా నిలబడటం నాకు కొత్త కాదు. కాఫీ కెటిల్ పట్టుకుని, నా ఈల కథ విని వాళ్ళు నవ్వుతుంటే, ఏ భావమూ మొహంలోకి రాకుండా ఎన్నేళ్ళు నిలబడలేదు! అప్పుడెవరూ బొమ్మ బాగుందని డబ్బిచ్చి చూడలేదు, అంతే తేడా.

ముందు బాల్కనీలో ఎవరో సన్నగా అన్నారు, "ఇది నిజంగా బొమ్మే. మనిషిని తీసేసి బొమ్మని పెట్టారు." పక్కావిడ శిలువ గుర్తు వేసుకుంది. దగ్గులు ఆగిపోయాయి. మిఠాయి కాగితాల చప్పుడు ఆగిపోయింది. అంత పెద్ద హాల్లో వాద్యాలు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆ తర్వాత నేను పాడే చోటు వచ్చింది, పాట మొదలైంది. మొదలుపెట్టాను అనడానికి నోరు రావడం లేదు. ఆ గొంతు నా గొంతులోంచి రాలేదు. అరికాళ్ళ కింద దిమ్మలోంచి, దానికింద చెక్కల్లోంచి, ఇంకా కిందనుంచి ఎక్కడినుంచో వచ్చింది. పెళ్ళైన కొత్తలో నేను పాడిన నాటి గొంతు అది. నేను గుర్తుపట్టాను.

"అమ్మో, పెదాలు కదలడం లేదు!" అని ఒక ఆడగొంతు కెవ్వుమంది.

పైస్వరం వచ్చింది. మా ఆయన రెండు వేళ్ళూ నోట్లో పెట్టుకోవడం చూశాను. ఒరెస్తె ఆయన వైపు తిరిగాడు. గ్యాలరీ మొత్తం ఆయన వైపు తిరిగింది. ఆయన బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి. చప్పుడు రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. స్వరం ఇంకా నిలబడే ఉంది, నాకు ఊపిరి అవసరం లేదు కదా, ఎంతసేపైనా నిలబడుతుంది. ఆయన వేళ్ళు తీసేసి వాటి వంక చూసుకున్నాడు.

ఆ తర్వాత దిగాలి. రాజు వేషం పాడేవాడు చెయ్యి చాచాడు. నా కాలు రాలేదు. నేను మొండికేయలేదు, ఒట్టు. కాలు ఎత్తుదామనే చూశాను. దిమ్మలోంచి మొలిచినట్టుంది. "దిగండి, మేడమ్, దిగండి," అని అతను పెదాలు కదపకుండా గొణిగాడు. కండక్టర్ ఆ వరసనే మళ్ళీ మళ్ళీ వాయింపించాడు. చివరికి సంగీతం అయిపోయింది. రాజు చెయ్యి అలాగే ఖాళీగా చాచి ఉండగా తెర పడింది.

చప్పట్లు లేవు. ఈలలు లేవు. మళ్ళీ తెర ఎత్తితే జనమంతా లేచి నిలబడి ఉన్నారు, పైనా కిందా, ఒక్కరూ చేతులు కదపకుండా. పార్మాలో అలాంటిది ఎవరూ ఎరగరు. మేం వంగి నమస్కరించాం, నేను దిమ్మ మీదినుంచే. వాళ్ళు కోట్లు తొడుక్కుని, పక్కవాళ్ళతో కూడా మాట్లాడకుండా, చావింటి నుంచి వెళ్ళినట్టు పొగమంచులోకి వెళ్ళిపోయారు. మగవాళ్ళు తల వంచుకుని పోయారు. ఆడవాళ్ళు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, ఒక్కొక్కరే వెనక్కి తిరిగి, దిమ్మ వైపు చూసి వెళ్ళారు. హాలు ఖాళీ అయ్యాక నా కాలు దానంతటదే కదిలింది.

లొరెదానా వేడినీళ్ళు తెచ్చి తెల్ల పొడి తుడుస్తోంది. చేతులది ఎంతకీ పోవడం లేదు. నీళ్ళు రెండుసార్లు చల్లారిపోయాయి. డైరెక్టర్ తల లోపలికి పెట్టి, ఎల్లుండి ఆటకి కూడా నేనే పాడాలనీ, వీలైతే దిగమనీ చెప్పి పోయాడు. అప్పుడు తలుపు దగ్గర మా ఆయన కనబడ్డాడు. గ్యాలరీవాళ్ళు గాయకుల గదుల్లోకి రారు, అది వాళ్ళ నియమం. లొరెదానా బేసిన్ పట్టుకుని బయటికి వెళ్ళింది.

"ఊపిరి రాలేదే," అన్నాడు. "నోట్లో వేళ్ళు పెట్టుకున్నాను. లోపల ఊపిరే లేదు."

"చూశాను."

కుర్చీ అంచున కూర్చున్నాడు. కోటు గుండీ తిప్పాడు. "ఆ రోజు... మొదటిసారి పాడినప్పుడు... నువ్వు తప్పు పాడలేదు."

నేను చేతిలోని తువ్వాలు బల్ల మీద పెట్టాను.

"అందరూ నోరు తెరుచుకుని నిన్నే చూస్తున్నారు. పక్కనున్నవాడు, 'ఎవర్రా ఈ పిల్ల, దీని మొగుడెవడో గానీ అదృష్టవంతుడు' అన్నాడు. నేనే అని చెప్పబోయాను. చెబితే నన్ను ఎగాదిగా చూసి నవ్వుతాడనిపించింది. మెకానిక్ షెడ్డులో రెంచీలు పట్టుకునే చేతులు నావి. అంతే... వేళ్ళు నోట్లోకి పోయాయి."

"తర్వాతైనా చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? అప్పటికే నన్ను అందరూ పెద్దని చేసేశారు కదా." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడు చెప్పాను కదా. పద, ఇంటికి పోదాం. అమ్మ సూప్ కోసం కూర్చుని ఉంటుంది." చెయ్యి చాచాడు.

నాకు ఏడుపొచ్చింది, నిజమే. కోపం కూడా అంతే వచ్చింది. ఇన్నేళ్ళూ నా గొంతులో ఏదో లోపముందని, పొద్దున్నే అందరూ లేవకముందు, కిటికీలు మూసి, దిండులో మొహం పెట్టి ఆ ఒక్క స్వరాన్నే సాధన చేశాను. లోపం లేదట. పక్కవాడి మాటకి మా ఆయన చిన్నబోయాడట. ఆ మాట ఇప్పుడు ఈ చిన్న గదిలో, తలుపు మూసి, ఎవరూ వినకుండా చెప్పాడు. రాజు కూడా అంతేగా. నింద నిండు సభలో వేస్తాడు, ఏడుపు మాత్రం ఒంటరిగా ఏడుస్తాడు.

"ఇక్కడ కాదు అమిల్కారే," అన్నాను. "ఈల వేసిన చోట చెప్పు. అందరూ వినేటట్టు."

ఆయన మొహంలో నెత్తురు లేదు. "గ్యాలరీలోనా? ఊళ్ళో నేను ఎలా తిరగను?"

"నేను తిరిగాను కదా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు చాలాసేపు వినబడింది. నేను అద్దం ముందు కూర్చుని మిగిలిన తెల్లదనం వంక చూసుకున్నాను, తుడవలేదు. ఎల్లుండి మళ్ళీ దిమ్మ ఎక్కుతాను. రాజు చెయ్యి చాస్తాడు, డైరెక్టర్ దిగమంటాడు, కండక్టర్ వాయిస్తూనే ఉంటాడు. పైనుంచి ఆ మాట వినబడేదాకా నేను దిగను.