ముందు గుమ్మం

యమున పొంగి ఎర్రకోట గోడ తాకిన ఏడు. మునిర్కా పక్కన గవర్నమెంటు క్వార్టర్లో సరోజ మరిది రంగనాథ్‌కి క్యారేజీ సర్దుతోంది. తోడికోడలు జానకీదేవి వంటింటి గుమ్మంలోంచి చెప్పింది.

“అక్కయ్యా, ఆయన బయల్దేరుతున్నారు. ఇటు రాకండి.”

సరోజ గోడవైపు తిరిగి నిలబడింది. భర్త వెంకటసుబ్బయ్య పోయి, తలదాచుకునే చోటు లేక ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఇదే వరస. ఆమె రాగానే పనిమనిషిని మాన్పించారు. వంటా, అంట్లూ, బట్టలూ అన్నీ ఆమెవే. రాకపోకలు మాత్రం వంటింటి వెనక తలుపులోంచి, చెత్తడబ్బాల పక్కనుంచి. విధవ ఎదురైతే రంగనాథ్‌కి పని చెడుతుందట.

ఆ సాయంత్రం చపాతీలు ఒత్తుతుంటే జానకీదేవి వచ్చి నిలబడింది.

“వరద తీసింది కదా, ఆదివారం మిమ్మల్ని బృందావనంలో దింపేస్తాం. ఆశ్రమంలో మాట్లాడాం. భజన చేస్తే అన్నం పెడతారు. మా సాకేత్‌కి సంబంధాలొస్తున్నాయి. వచ్చినవాళ్ళకి మీరు కనబడితే ఏం బావుంటుంది చెప్పండి?”

సరోజ చెయ్యి ఆగలేదు. రంగనాథ్ తెనాలిలో తన ఇంట్లో ఉండి చదువుకున్నవాడు. తన వంతు పెరుగు కూడా అతని కంచంలోనే పడేది. పరీక్షకి వెళ్తూ వాకిట్లో నిలబడి, వదినా, నువ్వు ఎదురురా, నువ్వొస్తే నాకు కలిసొస్తుంది అని పిలిచేవాడు. పొయ్యి మీద కూర వదిలేసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరుగెత్తేది. అతని ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకీ అలాగే ఎదురు వెళ్ళింది. ఆ కాళ్ళే ఇవి. పోయింది ఆయనైతే, చెడ్డది తనెలా అయింది?

ఆదివారం కారు ముందు గేటు దగ్గర ఆగింది. మూట పట్టుకుని వెనకనుంచి రమ్మన్నారు. సరోజ మూట వంటింట్లోనే వదిలేసి, ఖాళీ బకెట్టు తీసుకుని ఇల్లు చుట్టి గేటు దగ్గరికి వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టిన రంగనాథ్‌కి సరిగ్గా ఎదురు నిలబడింది.

అతను లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ వచ్చాడు. ఆమె అక్కడే ఉంది.

“వదినా, పక్కకి తప్పుకో.”

“నువ్వేగా రమ్మనేవాడివి రంగా. ఇవాళ పిలవకపోయినా వచ్చాను.”

“ఇదేం చోద్యం అక్కయ్యా, అందరూ చూస్తున్నారు” అంది జానకీదేవి.

“చూడనీ. రోజూ వస్తాను. సాకేత్ పెళ్ళిచూపులకి బయల్దేరినప్పుడూ వస్తాను. బృందావనంలో దింపితే బస్సెక్కి మరీ వస్తాను.”

డ్రైవరు ఇక వెళ్దామా అన్నట్టు హారన్ కొట్టి, “సాబ్, చల్నా హై?” అన్నాడు. వర్జ్యం వచ్చేసిందని చెప్పి రంగనాథ్ కారు పంపేశాడు.

మర్నాడు పొద్దున సరోజ ముందు గుమ్మంలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతోంది. రంగనాథ్ బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వంటింటి వెనక తలుపు తీసి, చెత్తడబ్బాల పక్కనుంచి ఆఫీసుకి వెళ్ళాడు.